మార్‌గ్రేవుల కుర్చీ

మా ఊళ్ళో ఎవరికో గాలి సోకిందని వేపమండలతో బాదుతుంటే, వెళ్ళి ఆ మండలు లాగి పారేసిన మనిషిని నేను. సౌదీకి రాకముందు రాజంపేటలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆయాగా పనిచేశాను. ప్రాణం పోయినవాళ్ళ పక్కన, బంధువులు వచ్చేదాకా ఒక్కదాన్నే కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. పోయినవాళ్ళు పోయినట్టే ఉంటారు, తిరిగి రారు అని నాకు గట్టి నమ్మకం. పిరికిదాని మాటలనుకుంటారేమోనని ఈ సంగతి ముందే చెబుతున్నాను.

అల్ ఖోబర్‌లో సముద్రానికి దగ్గరగా, విదేశీయుల ఇళ్ళుండే ఒక కాంపౌండ్‌లో, ఒక జర్మన్ ఇంజనీరు ఇంట్లో నాకు పని. ఆయన్ని సార్ అనేదాన్ని. భార్య లేదు, పిల్లలు లేరు. ఉద్యోగం కువైట్ సరిహద్దు దగ్గర, ఖఫ్జీలో. గురువారం సాయంత్రానికి తనే కారు నడుపుకుంటూ ఇంటికి వచ్చి, ఆదివారం తెల్లవారకముందే వెళ్ళిపోయేవారు. ఆయన తల్లిని చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు.

ఆమె ఎనభై దాటిన ముసలామె. వాళ్ళ భాషలో అవ్వను ఓమా అంటారట, నన్నూ అలాగే పిలవమంది. రమణమ్మ అనడం నోరు తిరగక నన్ను రమా అనేది. ఇద్దరికీ వచ్చింది అంతంత మాత్రం ఇంగ్లీషే కాబట్టి ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమయ్యేది.

ముందు గదిలో గోడకు ఒక పెద్ద పటం ఉండేది. అది వాళ్ళ వంశవృక్షం. అడుగున వేళ్ళ దగ్గర మొదటి మనిషి, పైకి పోయేకొద్దీ కొమ్మలు, ప్రతి కొమ్మకూ ఒక చిన్న డాలు బొమ్మ, దాని కింద పేరు. వాళ్ళ పూర్వీకులు మార్‌గ్రేవులట. అంటే ఏమిటని అడిగితే, చక్రవర్తి తన రాజ్యం అంచున కాపలాకు పెట్టిన ప్రభువులని చెప్పింది. మా సీమ పాళెగాళ్ళ లాంటివాళ్ళన్నమాట అనుకున్నాను. కొండ మీద కోట, కొంత నేల, కొంత బలగం, పక్కవాడితో ఎడతెగని తగవు. ఆ వంశం పేరు ఇక్కడ రాయను. వాళ్ళ చుట్టాలు ఇంకా ఉన్నారు.

రోజూ పొద్దు వాలేటప్పుడు, మసీదు నుంచి అసర్ నమాజు బాంగు వినిపించే వేళకు ఓమా ఆ పటం ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ ఆ కథలు చెప్పేది. మొదటి కొన్రాడ్‌కు సరిహద్దు కోట ఎలా దక్కిందో, ఆయన మనవలిద్దరూ నేలను పై సీమ, కింది సీమ అని ఎలా పంచుకున్నారో, కింది సీమవాళ్ళకు వారసుడు లేక అది మళ్ళీ పై సీమలో ఎలా కలిసిందో చెప్పేది. ఉయ్యాలలో ఉండగానే మార్‌గ్రేవ్ అయిన పసివాడు ఒకడున్నాడు. వాడి పేరున తల్లి ఏలింది. వాడు మాటలు రాకముందే మశూచితో పోతే పినతండ్రికి పట్టం వచ్చింది. చిట్టచివరి మార్‌గ్రేవ్ రాజ్యాన్ని పొరుగు రాజుకు అప్పగించి, మిగిలిన కాలమంతా వేటలో గడిపాడు. పదవి పోయినా వంశం సాగింది. తాత పేరు మనవడికి పెట్టడం వాళ్ళలోనూ ఉంది, అందుకే ఆ పటంలో కొన్రాడ్‌లు, ఒట్టోలు మళ్ళీ మళ్ళీ కనబడతారు. అన్నిటికన్నా పై కొమ్మకు ఒకే ఒక్క పేరు, సార్‌ది. ఆ పైన ఖాళీ.

ఆ చలికాలం చివర ఓమాకు జ్వరం వచ్చి కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంది. తిరిగి వచ్చాక, ఒక మధ్యాహ్నం నేను కాఫీ తెచ్చేసరికి ఎదుటి కుర్చీ వైపు చూసి తల వంచి నమస్కారం పెడుతోంది. చేతుల కుర్చీ అది, ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

"రమా, ఇంకో కప్పు పెట్టు. కొన్రాడ్ వచ్చాడు" అంది.

జ్వరం తర్వాత ముసలివాళ్ళకు మతి చలించడం ఆసుపత్రిలో చాలా చూశాను. ఎదురు చెప్పకుండా కప్పు పెట్టాను. మర్నాడు అదే వేళకు కొన్రాడ్ కొడుకు వచ్చాడంది. ఆ మర్నాడు మనవడు. రోజుకొకరు, పటంలో ఉన్న వరుసలోనే. ఒక్కరినీ దాటేయలేదు, ఒక్కరినీ ముందుకు లాగలేదు. నేను రోజూ కప్పు పెట్టడం, కాసేపాగి తీసి కడగడం. నవ్వు కూడా వచ్చేది.

నవ్వు పోయింది ఒట్టో వచ్చిన రోజున. పెళ్ళైన కొత్తలో, వరదలో ఏరు దాటబోయి గుర్రంతో సహా మునిగిపోయిన ఒట్టో. ఆ కథ ఓమా ఎన్నోసార్లు చెప్పింది. ఆ రోజు కప్పు తీయడానికి వంగితే నా పాదాలు తడిశాయి. కుర్చీ ముందు తివాచీ నీళ్ళు పీల్చుకుని బరువెక్కింది. మిగతా గదంతా పొడిగా ఉంది.

కాంపౌండ్‌లో ఏసీలు బాగుచేసే మల్లేశన్నను పిలిచాను. జగిత్యాల దగ్గర మనిషి. పైకెక్కి చూశాడు, గొట్టాలు తడిమి చూశాడు.

"ఏసీ మంచిగనే ఉన్నది చెల్లె. లీకే లేదు. గీ నీళ్ళు యాడికెల్లి వచ్చినయి?" అన్నాడు. తివాచీ మడిచి వాసన చూసి మొహం చిట్లించాడు. "బురద వాసనొస్తున్నది. చెరువు ఎండినంక వస్తది జూడు, గట్ల."

నాకూ అదే వాసన వచ్చింది. ఆ దేశంలో ఏరు లేదు, చెరువు లేదు. మల్లేశన్న తివాచీని ఎండలో వేసి వెళ్ళిపోయాడు.

తర్వాత పసివాడు వచ్చిన రోజు. "ఇవాళ కప్పు వద్దు, పాలు కూడా తాగడు. ఒళ్ళోకి తీసుకుంటాను" అని ఓమా చేతులు చాచింది. చేతుల మీద శాలువా పరుచుకుని ఉంది. నేను చూస్తుండగానే శాలువా నడుమ కిందికి కుంగింది. ఆమె మోచేతులు బరువుకు వణికాయి. పసిబిడ్డకు జ్వరం తగిలితే ఒంటి నుంచి వచ్చే పులిసిన వాసన నాకు బాగా తెలుసు. ఆ వాసన వచ్చింది. నేను వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు వింటూ నిలబడ్డాను. మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది.

ఆ వారాంతంలో సార్‌కు అంతా చెప్పాను. ఆయన నవ్వారు. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఆమెకు ఆ పేర్లు కంఠతా వచ్చు, వయసు మీద పడింది, కంగారు పడకు అన్నారు. "ఇప్పుడెవరి దాకా వచ్చింది?" అని సరదాగా అడిగారు. నిన్న వచ్చినాయన పేరు చెప్పాను. సార్ పటం దగ్గరికి వెళ్ళి ఆ పేరు మీద వేలు పెట్టి, అక్కడి నుంచి పైకి జరుపుతూ పోయారు. వేలు తన తండ్రి పేరు దాటి తన పేరు దగ్గర ఆగింది. నవ్వు ఆగిపోయింది.

"మా నాన్న వచ్చాక ఆపమని చెప్పు" అన్నారు. ఆ మాట కూడా నవ్వుతూనే అనాలని చూశారు గానీ కుదరలేదు.

ఆదివారం ఆయన ఖఫ్జీకి వెళ్ళిపోయారు. ఆ బుధవారం ఓమా భర్త వచ్చాడు. ఆ రోజు ఆమె చీపురుపుల్లలాంటి తన జుట్టు దువ్వించుకుంది, మంచి గౌను వేయించుకుంది, చాలాసేపు జర్మన్‌లో మాట్లాడి ఏడ్చింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చేతులు పట్టుకుని, "ఓమా, ఇక చాలు. అందరూ వచ్చేశారు. రేపు ఇక్కడ కూర్చోవద్దు" అని బతిమాలాను. సరేనన్నట్టు తల ఊపింది.

గురువారం గాలి లేచింది. కిటికీల అవతల ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. నేను ఓమాకు ఆమె గదిలోనే కాఫీ ఇచ్చి, బట్టలు మడత పెడుతున్నాను. బాంగు అయింది. కాసేపటికి ముందు గదిలో ఆమె గొంతు వినిపించింది. పట్టుకుని నడిపిస్తే తప్ప నడవలేని మనిషి, ఎలా వెళ్ళిందో తెలియదు.

"ఫ్రిట్జ్! ఇంత తొందరగా వచ్చేశావేం?" అంటోంది. ఫ్రిట్జ్ అంటే సార్. ఒక్క క్షణం నిజంగానే సార్ వచ్చారనుకుని సంతోషంగా పరుగెత్తాను. వాకిలి గడియ వేసినట్టే ఉంది. గదిలో ఓమా తప్ప ఎవరూ లేరు. ఆమె ఆ కుర్చీ వైపు వంగి, గాలిలో ఏదో దులుపుతోంది.

"జుట్టు నిండా ఇసుకేమిటి, నాయనా?" అంది.

కుర్చీ మెత్త మీద ఇసుక ఉంది. సౌదీలో ఇసుక లేనిదెక్కడ, తలుపు సందుల్లోంచి వచ్చి ఉంటుందని మీరంటారు. నేనూ అదే అనుకోవాలని చూశాను. బల్ల మీద, కిటికీ గట్టు మీద వేళ్ళతో రాసి చూశాను. ఎక్కడా లేదు.

సార్‌కు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. పొద్దుగుంకి మగ్రిబ్ నమాజు అయ్యాక సార్ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. వాళ్ళు నోరు తెరవకముందే నాకు అర్థమైంది. ఇసుక తుఫానులో దారి కనబడక కారు ట్రెయిలర్ కిందికి వెళ్ళిపోయిందట. ఆ మాట ఓమాకు చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "తెలుసు. మధ్యాహ్నమే వచ్చాడుగా" అంది.

ఆమె తమ్ముడి కూతురు జర్మనీ నుంచి వచ్చి తీసుకెళ్ళాలి. వీసాకు కొన్ని రోజులు పడుతుందన్నారు. అప్పటిదాకా ఆ ఇంట్లో మేమిద్దరమే. కనీసం ఆ పిలుపులు ముగిశాయి కదా అని మనసుకు చెప్పుకున్నాను. పటంలో ఇక పేర్లు లేవు.

సార్ పోయిన తర్వాత రెండో రోజో మూడో రోజో, అదే వేళకు ఓమా మళ్ళీ కప్పు అడిగింది.

"ఎవరికి ఓమా? మీవాళ్ళంతా అయిపోయారు కదా" అన్నాను.

"మావాళ్ళు కాదు రమా. ఈయన మీవాడు" అంది. కళ్ళు చికిలించి కుర్చీ వైపు చూసి, చిన్నపిల్లలు అక్షరాలు కూడబలుక్కున్నట్టు పలికింది. "ఓ... బు... లే... సు."

ఓబులేసు నా తమ్ముడి పేరు. హఫర్ అల్ బాతిన్‌లో టిప్పర్ నడుపుతాడు. ఆ పేరు నేను ఆ ఇంట్లో ఎన్నడూ పలకలేదు. వాడిని ఎప్పుడూ అబ్బోడు అనే అంటాను. వెంటనే వాడికి ఫోన్ చేశాను.

"ఏందక్కా? బండి మింద ఉండా" అన్నాడు వాడు. వాడికేమీ కాలేదు.

మరి ఎవరు? ఓమాను అడిగాను. ముసలివాడు, చొక్కా లేదు, చేతిలో బల్లెం ఉంది, ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు అని చెప్పింది. మా నాయన అక్క, సుబ్బమ్మత్త ఊళ్ళోనే ఉండేది. మా ఇంటి పాత సంగతులు తెలిసింది ఆమెకొక్కదానికే. ఆమెకు ఫోన్ చేసి, మన ఇంట్లో వేళ్ళు లేని ఓబులేసు ఎవరైనా ఉన్నాడా అని అడిగాను.

"ఆయప్ప సంగతి నీకెవురు చెప్పినారు మే?" అంది. "మా అబ్బకు నాయన. పాళెగాని కాడ కట్టుబడిగా కాపలా కాసినోడు. కత్తి దెబ్బకు రెండు వేళ్ళు పోయినాయని మా జేజి చెప్తాండె. మీ నాయనకే తెల్దు ఆ సంగతి."

అప్పుడు అత్తకు జరిగిందంతా చెప్పాను. ఆమె నా మాట కొట్టిపారేస్తుందనుకున్నాను. "ఆ ముసలామెను ఆ కుర్చీ తట్టుకు పోనీయాకు పాపా" అంది.

పోనీయకుండా ఉండటం నా వల్ల కాలేదు. మర్నాడు అత్త వాళ్ళ అబ్బ, అంటే తాత, వచ్చాడు. ఆ తర్వాత మా అబ్బ, పొగచుట్ట వాసనతో సహా.

ఆ మరుసటి రోజు ఓమా, "ఈయన రెప్పల మీద ఏమిటి, తెల్లగా పిండిలా ఉంది?" అని నన్ను అడిగింది.

మా నాయన ముగ్గురాయి గనిలో పనిచేసి, ఆ దుమ్ముతోనే రొమ్ము జబ్బు చేసి చనిపోయాడు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు రెప్పల మీద తెల్లటి దుమ్ము ఉండేది. అమ్మ కొంగుతో తుడిచేది. నేను కాఫీలో చాలా చక్కెర వేసి తెచ్చాను. బల్ల మీద పెట్టి, కుర్చీకి జానెడు దూరంలో నిలబడ్డాను. ఆ చేతుల కుర్చీ మీద ఒక్కసారి చెయ్యి వేయాలనిపించింది. నా తండ్రే కదా. కానీ చెయ్యి లేవలేదు. తండ్రిని చూసి భయపడవలసి రావడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

తర్వాత ఎవరో నాకు తెలుసు. నాయన తర్వాత కొడుకు.

ఆ సాయంత్రమే అబ్బోడికి ఫోన్ చేసి, రేపు బండి ఎక్కొద్దు, గది దాటి బయటికి రావద్దు అన్నాను.

"పనికి పెట్టుకున్న కఫీల్ ఊరుకోడక్కా. ముసలామెతో ఉండి ఉండి నీకూ పిచ్చి పట్టినట్టుండాది" అన్నాడు.

ఏడ్చాను. ఎప్పుడూ ఏడవని అక్క ఏడ్చేసరికి వాడు తగ్గాడు. జ్వరమని చెప్పి గదిలోనే పడుకుంటానని మాటిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఆ కుర్చీని ఈడ్చుకుంటూ పోయి పెరటి ప్రహరీ అవతల పెట్టాను. పటాన్ని గోడ వైపు తిప్పాను. ముందు గదికి తాళం వేశాను. మధ్యాహ్నం ఓమాను మంచం మీద పడుకోబెట్టి, తలుపు మూసి, తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. బాంగు మొదలైంది, ముగిసింది. ఏమీ జరగలేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే నిద్రమత్తులో పలికాడు. ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు ఓమా నా తల మీదుగా తలుపు వైపు చూసి నవ్వింది. నా వీపు వెనక చెక్క మంచులా చల్లబడింది.

"లోపలికి రామ్మా, అక్కడే నిలబడ్డావేం?" అంది. తర్వాత నాతో, "ఈసారి ఆడమనిషి రమా. ముక్కు అచ్చం నీ ముక్కే" అంది.

మా ఇంటి ఆడమనిషిని నేనే కదా అనుకున్నాను. నా పని అయిపోయిందనుకున్నాను. ఓమా ఇంకాసేపు పరీక్షగా చూసి, "చేతులు ఇంత పసుపు పచ్చగా ఉన్నాయేమిటి?" అంది.

నా చేతులు చూసుకున్నాను. పసుపు లేదు. ఇంతలో ఫోన్ మోగింది. అబ్బోడు. మాట పూర్తిగా మేలుకున్నవాడి మాటలా ఉంది, ఏడుస్తున్నాడు.

"అక్కా, అత్త పోయింది. కల్లంలో పసుపు కొమ్ములు ఎండబోస్తా అట్లే కూలబడిందంట. ఇప్పుడే."

ఆమెకు ఏ జబ్బూ లేదు. ఆ పొద్దున కూడా ఫోన్‌లో నాకు ధైర్యం చెప్పింది. నాయన కన్నా పెద్దది, మా ఇంటి రక్తమే. కొడుకుల వరుసే లెక్కపెట్టుకుంటూ ఆమెను నేను తలచుకోనైనా లేదు.

రెండు రోజులకు ఆ జర్మన్ అమ్మాయి వచ్చి ఓమాను తీసుకెళ్ళింది. ఆ రెండు రోజులూ ఓమా ఎవరినీ పిలవలేదు, ఎక్కువ నిద్రలోనే ఉంది. విమానాశ్రయానికి బయలుదేరేటప్పుడు నా చెంప నిమిరి, "నువ్వు మంచిదానివి రమా, కప్పులన్నీ సరిగ్గా పెట్టావు" అంది. వెళ్ళాక కొన్ని నెలలకు నిద్రలోనే పోయిందని ఆ అమ్మాయి చెప్పింది.

నేనిప్పుడు ఖోబర్‌లోనే వేరే ఇంట్లో, ఒక బడి టీచరమ్మ పిల్లలను చూసుకుంటున్నాను. మల్లేశన్న అప్పుడప్పుడూ కనబడతాడు. ఆ తివాచీ మాట మేమిద్దరం ఎత్తుకోం. ఓమా మతి చలించిన మనిషే అనుకున్నా, వేళ్ళు లేని మా ముత్తాత తండ్రి సంగతి, అత్త చేతుల పసుపు సంగతి ఆమెకు ఎవరు చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు. ఓమాతో అది ఆగిపోయిందా, లేక వచ్చేది ఎవరో చెప్పే మనిషి మాత్రమే పోయిందా, అదీ తెలియదు.

అసర్ బాంగు కాగానే అబ్బోడికి ఫోన్ చేస్తాను. రోజూ ఎందుకని విసుక్కుంటాడు. వాడు "ఏందక్కా" అనేదాకా, నేనున్న గదిలో ఖాళీ కుర్చీ ఏదైనా ఉంటే అటు చూడను.